సగం బస్తా

అక్టోబరు ఆఖరి శనివారం.
పొజ్నాన్ ఊరి అంచున, రైలుకట్టకి ఆనుకుని
గుప్పెడు తోట నాది.
మూడు ఆపిల్ చెట్లు, ఒక అక్రోటు,
గొళ్ళెం సరిగ్గా పడని కొయ్య గది.

పోయినేడు ఇదే రోజుల్లో
నడుం బిగించాను.
నడుం బిగించమని లోకమంతా చెబుతుంది,
నడుమే బిగుసుకుపోతే ఏం చెయ్యాలో
ఒక్కరూ చెప్పరు.

ఆకులే కదా, ఊదితే ఎగిరేవి, అనుకున్నాను.
రాత్రంతా వాన తాగిన ఆకులవి.
బస్తా నిండా కుక్కి
వంగాను, లాగాను, ఎత్తుతూనే పక్కకి తిరిగాను.
లోపలెక్కడో
గొళ్ళెం సరిగ్గా పడింది.

పడ్డచోటే ఉండిపోయాను
రెండింటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా.
అక్రోటు చెట్టు తీరిగ్గా
ఒక్కో ఆకూ నామీద కప్పింది.
ముప్పై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపినవాణ్ణి,
నిమిషం ఆలస్యమైతే అన్నం సహించనివాణ్ణి.
నా తలపక్కనుంచే ఆరు రైళ్ళు పోయాయి.
లెక్కపెట్టాను. వేరే పనేముంది?

చూసింది పక్కతోట లుద్విక.
ఆసుపత్రి చాకిరేవులో
నలభై ఏళ్ళు తడి దుప్పట్లు ఎత్తిన మనిషి.
"తడిసిందేదీ తేలిక కాదు జెనోన్" అంది,
అంతే, తిట్టలేదు.

ఈ ఏడు నేను గేటు తియ్యకముందే
కంచె దగ్గర నిలబడి ఉంది.
"ముందు నడు. కట్ట దాకా వెళ్ళి రా.
చేతులూపు. భుజాలు తిప్పు.
డిపోలోంచి బండి తీసేముందు
బ్రేకులు చూసుకునేవాడివి కాదూ?
మరి ఈ బండికో?"

వచ్చేసరికి నా ఆకుల పార ఆమె చేతిలో ఉంది,
పొట్టి కర్రది.
"ఇది నీ ఎత్తుది కాదు."
కాదు. హొనొరాతది.
నా భుజం దాకా వచ్చేది ఆవిడ.
పోయాక పారెయ్యలేక
ఇన్నేళ్ళూ దాంతోనే ఊడ్చాను,
ఆవిడ ఎత్తుకి వంగి.

లుద్విక ఏమీ అనలేదు.
దాన్ని లోపల మేకుకి తగిలించి
గడ్డం దాకా వచ్చే కొత్త కర్ర నా చేతికిచ్చింది.
"పది కుడివైపు. పది ఎడమవైపు."
ఎడమచేతికి ఊడ్వడం రాదు.
పోగుచేసినవాటినే మళ్ళీ చల్లింది.
కంచె అవతల ఆమె నవ్వు.

"నడుము మెలిపెట్టకు. పాదాలు తిప్పు.
ట్రామ్ ఎక్కడైనా మధ్యలో వంగుతుందా?"
"కొత్తవి వంగుతాయి" అన్నాను.
"నువ్వు కొత్తదానివా?"

మానువైపోయాను, నిజమే.
వంగాల్సింది నడుము దగ్గర కాదట, మోకాళ్ళ దగ్గరట.
బరువుని బిడ్డని ఎత్తుకున్నట్టు
పొట్టకి హత్తుకోవాలట.
అన్నిటికన్నా కష్టమైంది, సగం బస్తా.
పక్కతోటలవాళ్ళు చూస్తుండగా
సగం బస్తా మోసుకుంటూ
ఎరువు గుంట దాకా పదకొండు సార్లు.
నడుముకన్నా ముందు నాలో
ఇంకేదో వంగింది.
అది మాత్రం నొప్పెట్టలేదు, పెద్దగా.

నాలుగింటికి "ఇక చాలు" అంది.
ఇంకా సగం తోట ఉంది.
"రేపు ఆదివారం. ఆకులెక్కడికీ పోవు."
ఫ్లాస్కు మూతలో టీ,
నిమ్మచెక్క, రెండు చెంచాల తేనె.

అప్పుడు చూశాం, కంచె మూల కుప్పలో
ముళ్ళపంది.
ముడుచుకుని, వీపంతా విల్లులా వంచి,
మార్చి దాకా అలాగే పడుకుంటుందట,
ఏ తైలమూ రాసుకోకుండా.
ఆ మూల ఊడ్వలేదు.

ఒక దోసెడు పొడి ఆకులు తెచ్చి
దాని మీద వెయ్యడానికి కూర్చున్నాను,
వంగి కాదు, మోకాళ్ళ మీద.
మలుపులో పట్టాల్లా కిర్రుమన్నాయవి.
వేశాను.
లేచాను.

కట్టమీద రైలొకటి పోయింది,
ఎన్నోదో తెలీదు.